ఇన్సులిన్ నోబెల్: మెక్లియాడ్‌కు వాటా ఎందుకు?

కలం_కాగితం:
ఇన్సులిన్ కనుగొన్నందుకు 1923 వైద్య నోబెల్‌ను సర్జన్ బాంటింగ్‌కీ, టొరంటో యూనివర్సిటీలో ఫిజియాలజీ ప్రొఫెసర్ మెక్లియాడ్‌కీ కలిపి ఇచ్చారు. 1921 వేసవిలో కుక్కల మీద ప్రయోగాలు చేసింది మాత్రం బాంటింగ్, ఆయన సహాయకుడు బెస్ట్. అప్పుడు మెక్లియాడ్ చాలావరకు స్కాట్లండ్‌లోనే ఉన్నాడు. ల్యాబూ కుక్కలూ సమకూర్చినంత మాత్రాన నోబెల్ ఇచ్చేస్తారా? బెస్ట్‌కు దక్కాల్సినది మెక్లియాడ్‌కు పోయిందనే నా వాదన. బాంటింగ్ తన సొమ్ములో సగం బెస్ట్‌కు పంచింది కూడా అందుకే.

పరీక్షనాళిక:
ఆ వేసవితోనే ఇన్సులిన్ దొరికేసిందని అనుకుంటే మీ వాదన నిలుస్తుంది. కానీ దొరకలేదండీ. బాంటింగ్ ఊహ ఏమిటంటే, క్లోమనాళాన్ని కట్టేస్తే కొన్ని వారాల్లో జీర్ణరసాలు ఊరే కణాలు నశించి ఐలెట్లు (ఇన్సులిన్ ఊరే కణాల గుంపులు) మిగులుతాయి, అప్పుడు తీసిన సారాన్ని ప్రొటీన్లను అరిగించే ఎంజైమ్ ట్రిప్సిన్ పాడుచేయదు అని. నిజానికి తాజా క్లోమంలో ఉండేది ట్రిప్సినోజెన్, అంటే ఇంకా పనిచేయని రూపం. పేగులోని ఎంటిరోకైనేజ్ అనే ఎంజైమ్ తగిలితేనే అది ట్రిప్సిన్‌గా మారుతుంది. తాజా గ్రంథిని వెంటనే ఆల్కహాల్‌లో వేస్తే నాళం కట్టే పనే లేదు. డిసెంబరుకల్లా బాంటింగ్, బెస్ట్ నాళం కట్టే పద్ధతి వదిలేసి మామూలు పశువుల క్లోమానికి మారారు.

ఇక 1922 జనవరి 11. పద్నాలుగేళ్ల డయాబెటిస్ రోగి లియోనార్డ్ థాంప్సన్‌కు బాంటింగ్, బెస్ట్ తయారుచేసిన సారం 15 మి.లీ. ఎక్కించారు. బ్లడ్ షుగర్ 440 నుంచి 320కి తగ్గిందంతే. మూత్రంలో కీటోన్లు (చక్కెర వాడుకోలేక ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే పదార్థాలు) పోలేదు, సూది గుచ్చినచోట గడ్డ కట్టింది. వైద్యులు అంతటితో ఆపేశారు.

కలం_కాగితం:
జనవరి 23న మళ్లీ ఇస్తే పనిచేసింది కదా?

పరీక్షనాళిక:
పనిచేసింది. కానీ అది వేరే మందు, చేసినవాడు బయోకెమిస్ట్ జేమ్స్ కొలిప్. ఈసారి బ్లడ్ షుగర్ ఒక్కరోజులో 520 నుంచి 120కి దిగింది. రోజు మొత్తంలో మూత్రంలో పోయే చక్కెర 71.1 గ్రాముల నుంచి 8.7 గ్రాములకు పడిపోయింది, కీటోన్లు మాయమయ్యాయి. ఈ రెండు ఇంజెక్షన్ల మధ్య ఉన్న పన్నెండు రోజులనే అందరూ వదిలేస్తారు.

చురుకుభాగం:
కొలిప్ పద్ధతి చెబితే ఇది ఎంత కష్టమైన పనో తెలుస్తుంది. సన్నగా తరిగిన తాజా క్లోమాన్ని అంతే పరిమాణం 95% ఆల్కహాల్‌లో వేసి, అప్పుడప్పుడూ కుదుపుతూ కొన్ని గంటలు ఉంచాలి. గుడ్డలో వడకట్టి ఫిల్టర్ చేసి, ఆ ద్రవానికి రెండింతలు 95% ఆల్కహాల్ కలపాలి. ప్రొటీన్లలో ఎక్కువ భాగం అడుగున చేరుతుంది, ఇన్సులిన్ పైన ద్రవంలోనే ఉంటుంది. దాన్ని వడకట్టి, వాక్యూమ్‌లో 18–30 డిగ్రీల దగ్గరే ఇగిర్చి, ఈథర్‌తో రెండుసార్లు కొవ్వు తీసేయాలి. మళ్లీ ముద్దలా అయ్యేదాకా ఇగిర్చి 80% ఆల్కహాల్ కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే నాలుగు పొరలు కనిపిస్తాయి: అట్టడుగున ఉప్పు స్ఫటికాలు, వాటిపైన ఉప్పునీరు, ఆపైన ప్రొటీన్ తుంపులు, అన్నిటికీ పైన తేటగా ఆల్కహాల్. మందంతా ఆ తేట పొరలోనే. పిపెట్‌తో దాన్ని మాత్రమే తీసి, కొన్ని రెట్లు ఎక్కువ ఘాటైన ఆల్కహాల్‌లో పోస్తే అప్పుడు ఇన్సులిన్ అవక్షేపమై బయటపడుతుంది.

అంటే ఆల్కహాల్ ఒక గాఢత దగ్గర మలినాలు దిగుతాయి, ఇంకాస్త పెంచితే మందే దిగుతుంది. ఆ సన్నని సందును పట్టుకున్నాడు కొలిప్. నా దృష్టిలో ఇన్సులిన్ కనుగొన్నది ఆ పొర దగ్గరే.

ఆపైన పెద్ద మోతాదులో చేయబోతే కొన్ని వారాలు ఆయన చేతికే మందు రాలేదు. వాక్యూమ్ బలహీనపడితే ద్రవం మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఆ వేడికి మందు చచ్చిపోతుంది. చిన్న ఫ్లాస్కులో కనబడని ఇబ్బంది పెద్ద పాత్రలో మొత్తం బ్యాచ్‌ను పాడుచేస్తుంది.

కలం_కాగితం:
సరే, అలాగైతే కొలిప్‌కు ఇవ్వాలి. మెక్లియాడ్‌కెందుకు?

పరీక్షనాళిక:
అక్కడే మనం విడిపోతాం. కొలిప్‌ను ఈ పనిలోకి తెచ్చింది మెక్లియాడ్. సెప్టెంబరులో తిరిగి వచ్చాక, ఫలితాలు నమ్మాలంటే పోల్చి చూసే కంట్రోల్ ప్రయోగాలు కావాలని పట్టుబట్టిందీ ఆయనే. తనకొచ్చిన సొమ్ములో సగం ఆయన కొలిప్‌కు ఇచ్చాడు, దీన్ని కూడా లెక్కలో వేయండి.

బెస్ట్ విషయానికొస్తే, ఆ ఏడాది ఆయన పేరును ఎవరూ ప్రతిపాదించలేదు. ప్రతిపాదన లేని పేరును కమిటీ పరిశీలించదు. టొరంటో వెళ్లి చూసొచ్చిన డెన్మార్క్ ఫిజియాలజిస్టు ఆగస్ట్ క్రో ప్రతిపాదించింది బాంటింగ్, మెక్లియాడ్‌లనే.

తూర్పుకిటికీ:
మీరంతా టొరంటో దగ్గరే ఆగిపోయారు. రుమేనియాలోని బుకారెస్ట్‌లో ఫిజియాలజిస్టు నికోలాయ్ పాలెస్కు క్లోమ సారం కుక్కల రక్తంలో చక్కెరతోపాటు కీటోన్లనూ తగ్గిస్తుందని 1921 ఆగస్టులోనే ప్రచురించాడు. బాంటింగ్, బెస్ట్ తమ మొదటి పత్రంలో ఆయన ఫలితాన్ని తప్పుగా ఉటంకించారు. ఆ తప్పు తమదేనని 1969లో బెస్ట్ లేఖ రాశాడు.

చురుకుభాగం:
పాలెస్కుకు అన్యాయం జరిగిందన్నది ఒప్పుకోవాల్సిందే, ముఖ్యంగా ఆ ఉటంకింపు విషయంలో. శరీరక్రియా ఫలితాన్ని టొరంటో వాళ్లకంటే ముందు అచ్చులోకి తెచ్చింది ఆయనే. కానీ మనిషికి గుచ్చదగినంత శుద్ధమైన సారం ఆయన దగ్గర అప్పటికి లేదు. బహుమతి ఫలితానికా, మందుకా అన్నది తేల్చి ఇవ్వాల్సింది కమిటీ. మందుకే అయితే మొదటి పేరు కొలిప్ అయ్యుండాలి, బెస్ట్‌ను ఆయన కంటే ముందు నిలబెట్టడానికి నాకు ఆధారం కనిపించడం లేదు.

కలం_కాగితం:
కొలిప్ విషయం ఒప్పుకుంటాను. మెక్లియాడ్ మాత్రం పర్యవేక్షకుడే. పర్యవేక్షణకు కృతజ్ఞత చెప్పి పేరు వేస్తే సరిపోతుంది, నోబెల్ అక్కర్లేదు.