కొత్తగా తెచ్చుకున్న బడ్జీ పిల్లలు: డాక్టరుకు వెంటనే చూపించాలా?

కొత్తరెక్కలు:
రెండు బడ్జీ (చిన్న చిలుక జాతి) పిల్లలు మా ఇంటికి వచ్చి నేటికి ఆరు రోజులైంది. నుదుటి మీది సన్నని చారలు ఇంకా ముక్కు దాకా ఉన్నాయి, కళ్లు తెల్ల వలయం లేకుండా పూర్తిగా నల్లగా ఉన్నాయి కనుక రెండూ మూడు నెలల లోపువే అయి ఉంటాయని అనుకుంటున్నాను. ఆకుపచ్చది రోజుకు ఐదారు సార్లు తుమ్ముతోంది, అయితే ముక్కు రంధ్రాలు పొడిగానే ఉన్నాయి. నీలిది తుమ్మడం లేదు, ఎప్పుడు చూసినా గింజల గిన్నె దగ్గరే ఉంటుంది. పక్షులను ఇచ్చినవారు ఒక పసుపుపచ్చని పొడిని కూడా చేతిలో పెట్టి, కొత్త చోటుకు వచ్చిన పిల్లలకు ఐదు రోజుల పాటు నీళ్లలో కలిపి పెట్టాలని చెప్పారు. దానిని నేను ఇంకా విప్పలేదు. ఆరోగ్యంగా కనిపించే పిల్లలను కూడా డాక్టరుకు చూపించాలా? ఈ తుమ్ములను పట్టించుకోవాలా? స్నానం ఎప్పటి నుంచి చేయించవచ్చు? వీటిలో మగది ఏది?

వేకువకూత:
మిగిలిన ప్రశ్నలకు తెలిసినవారు జవాబు చెబుతారు. నేను ఒక్క మాట కోసమే వచ్చాను. గిన్నె నిండుగా ఉందంటే అందులో గింజలు ఉన్నాయని అనుకోకండి. బడ్జీ గింజను ముక్కుతో ఒలిచి, లోపలి పప్పును తిని, పొట్టును అక్కడే వదిలేస్తుంది. ఆ పొట్టు పైకి పేరుకుని గిన్నె ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. మొదటిసారి పెంచినప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. రెండు రోజులు ఊరికి వెళ్లి వచ్చి, నిండు గిన్నెను చూసి తృప్తిగా నిద్రపోయాను. తెల్లవారేసరికి పిల్ల పంజరం అడుగున పడి ఉంది. అప్పుడు గిన్నెలోకి ఊదితే పొట్టు ఎగిరిపోయి అడుగు కనిపించింది. తల్లిదండ్రులు మేపడం ఈ మధ్యనే మానేసిన పిల్లలలో కొన్నింటికి గింజను కొరకడం వస్తుంది కానీ ఒలవడం పూర్తిగా రాదు, అందువల్ల అవి రోజంతా తింటున్నట్టే కనిపిస్తాయి. మీ నీలి పిల్లను పట్టుకుని రొమ్ము ఎముక మీద వేలు పెట్టి చూడండి. అది కత్తి అంచులా తగిలితే రేపటి దాకా ఆగవద్దు.

ముప్ఫైపంజరాలు:
నేను ఇరవై రెండు సంవత్సరాలుగా బడ్జీలను పెంచుతున్నాను, ఒక దశలో మా మేడ మీద ముప్ఫై పంజరాలు ఉండేవి, కాబట్టి ఈ విషయంలో నా మాటకు కొంత విలువ ఇస్తారని ఆశిస్తాను. ఆ పసుపు పొడి టెట్రాసైక్లిన్ జాతి మందే అయి ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ప్రతి కొత్త పిల్లకు ఐదు రోజులు అదే ఇస్తాను, తుమ్ములు మూడో రోజుకే తగ్గుతాయి. ముప్ఫై గ్రాముల ప్రాణిని డబ్బాలో పెట్టి ఊపుకుంటూ తీసుకువెళ్లి, అది ఎన్నడూ చూడని మనిషి చేతిలో పెడితే ఆ భయంతోనే సగం చస్తుంది. డాక్టర్ల చుట్టూ తిరగకుండానే నా పక్షులు తొమ్మిదేళ్లు, పదేళ్లు బతికాయి. ఆకుపచ్చది మగది.

పశువైద్యం_నాలుగోఏడు:
ఫోటో కూడా చూడకుండా మగది అని నిర్ణయించిన మీ అనుభవానికి నమస్కారం. ఇక మందు సంగతికి వస్తాను. ముక్కు పొడిగా ఉండి, తోక ఊగకుండా, ఒళ్లు ఉబ్బించుకోకుండా ఉన్న పిల్ల రోజుకు ఐదారు సార్లు తుమ్మితే అది ఎక్కువ సార్లు దుమ్ము వల్లనో, కొత్త గది గాలి వల్లనో వచ్చినదే అవుతుంది. దానికి యాంటీబయాటిక్ ఇవ్వడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడమే. అందులోనూ ఆ అస్త్రం తగలదు. బడ్జీ ఎండు నేలల్లో బతకడానికి అలవాటు పడిన జాతి, తాగేదే కొద్ది నీరు. నీరు చేదుగా మారితే ఆ కొద్దిపాటి కూడా తాగదు, జబ్బు పడినది ఇంకా తక్కువ తాగుతుంది. అంటే మందు ఎక్కువ అవసరమైన పక్షికే తక్కువ అందుతుంది. పంజరంలో కటిల్ బోన్, అంటే పక్షి కొరుక్కునే సముద్రజీవి పెంకు, వేలాడుతూ ఉంటే టెట్రాసైక్లిన్ అందులోని కాల్షియంతో కలిసిపోయి శరీరానికి సరిగా పట్టదు.

ముప్ఫైపంజరాలు:
పుస్తకంలో ఉన్నదంతా నాకు తెలుసు. పుస్తకం చదివినవారి చేతిలో ఎన్ని పక్షులు బతికాయో కూడా రాస్తే బాగుంటుంది. మందు పనిచేయనిదే నా పిల్లలకు తుమ్ములు ఎలా తగ్గాయో సెలవివ్వండి.

పశువైద్యం_నాలుగోఏడు:
మందు ఇవ్వకపోయినా మూడో రోజుకు తగ్గేవి కనుక తగ్గాయి. మీరు ఏనాడైనా సగం పిల్లలకు మందు ఇచ్చి, సగం పిల్లలకు ఇవ్వకుండా చూశారా? నిజంగా చిలుక జ్వరమే ఉంటే, అంటే క్లామిడియా అనే బ్యాక్టీరియా ఉంటే, దానికి డాక్సీసైక్లిన్‌ను ఆనవాయితీగా 45 రోజులు ఇస్తారు. బడ్జీలకైతే పొట్టు తీసిన గింజలకు పట్టించి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఐదు రోజుల పొడి ఆ రోగాన్ని చంపదు సరికదా, తరువాత పరీక్ష చేసినప్పుడు దొరకకుండా దాచిపెడుతుంది. పక్షిని అమ్మేవారికి అదే సౌకర్యం, కొనుక్కున్నవారికి కాదు.

ఒంటరిగువ్వ:
చిలుక జ్వరం మాట వచ్చింది కనుక రాస్తున్నాను, ఎందుకంటే అది నాకు వచ్చింది, నా పక్షికి కాదు, లేదా ఇద్దరికీ వచ్చి దానిది బయటపడలేదు. విడవని జ్వరం, పొడి దగ్గు, తల పగిలిపోయే నొప్పితో రెండు వారాలు మామూలు మందులు వాడాను. చివరికి మూడో డాక్టరు ఇంట్లో పక్షులు ఉన్నాయా అని అడిగారు. ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు, నాకై నేను చెప్పాలని నాకూ తోచలేదు. పక్షులను పెంచేవారు తమకు జ్వరం వచ్చినప్పుడు ఆ సంగతిని డాక్టరుకు ముందే చెప్పండి. ఎండిన రెట్టను పొడిగా చీపురుతో ఊడవకండి, తడిపి తుడవండి.

ముప్ఫైపంజరాలు:
ఇలాంటి కథలు చెప్పి కొత్తవారిని భయపెట్టడం వల్లనే జనం పక్షులను వదిలించుకుంటున్నారు. ఇరవై రెండేళ్లలో నాకు జలుబు తప్ప ఏమీ రాలేదు.

ఒంటరిగువ్వ:
నాది కథ కాదండి, ఊపిరితిత్తుల ఎక్స్‌రే ఇంకా నా బీరువాలోనే ఉంది. నా పక్షిని నేను వదిలించుకోలేదు కూడా. ఇద్దరం ఒకే మందు వాడి ఒకేసారి బాగుపడ్డాం.

నీలిముక్కు:
మగ, ఆడ తేడా గురించి ఎవరూ సరిగా చెప్పలేదు. ముక్కు మీది మెత్తని భాగాన్ని, అంటే సీర్‌ను, పగటి వెలుగులో చూడండి. ఈ వయసులో అది అంతటా ఒకే రకంగా గులాబీ, ఊదా కలిసిన రంగులో ఉంటే మగది. పాలిపోయి, రంధ్రాల చుట్టూ తెల్లని వలయాలు ఉంటే ఆడది. పెద్దయ్యాక మగదానికి నీలంగా, ఆడదానికి గోధుమ రంగులోకి మారుతుంది. పూర్తి పసుపు, పూర్తి తెలుపు రకాల మగవాటికి మాత్రం జీవితాంతం గులాబీ రంగే ఉండిపోవచ్చు. ఈ రంగు ఆరోగ్యానికీ గుర్తే సుమా: నీలి సీర్ ఉన్న మగది నడివయసులో గోధుమ రంగుకు మారితే వృషణంలో కణితి ఉందేమోనని అనుమానించాలి. నా మొదటి పక్షిని అలాగే పోగొట్టుకున్నాను, మగది అనుకున్నది ఆడది అయిందని నవ్వుకుంటూ కూర్చున్నాను.

గ్రాములలెక్క:
అందరూ తుమ్మే పిల్ల గురించే మాట్లాడుతున్నారు, నాకు మాత్రం తుమ్మని పిల్ల మీదనే అనుమానంగా ఉంది. ఎప్పుడు చూసినా గిన్నె దగ్గరే ఉండే బడ్జీ ఆరోగ్యానికి గుర్తు కాకపోవచ్చు. ఒక గ్రాము తేడాను చూపించే చిన్న త్రాసు తెచ్చుకుని, ప్రతి ఉదయం గింజలు పెట్టకముందు తూచి రాసుకోండి. పెంపుడు బడ్జీ సాధారణంగా 25 నుంచి 40 గ్రాముల మధ్య ఉంటుంది, కానీ ముఖ్యమైనది ఆ అంకె కాదు, అది ఏ వైపు కదులుతోందన్నది. 30 గ్రాముల పక్షి 27కు దిగిందంటే పదోవంతు బరువు పోయింది, అయినా ఈకల వల్ల కంటికి ఏమీ తెలియదు. రెట్టలో అరగని గింజలు కనిపిస్తున్నాయా అన్నది కూడా చూడండి.

ముప్ఫైపంజరాలు:
రోజూ పట్టుకుని తూస్తే పక్షి మనిషిని చూసి పారిపోవడం తప్ప ఏమీ నేర్చుకోదు.

గ్రాములలెక్క:
పట్టుకోవడం ఎందుకు? త్రాసు మీద ఒక పుల్లను బిగించి, చివర ఒక కొర్ర కంకి పెట్టండి. మా పక్షి పిలవకుండానే వచ్చి ఎక్కుతుంది, దిగమంటే దిగదు.

తడిఈక:
చర్చ ఎటు పోయినా ఒక మాట చెప్పనివ్వండి. నా బడ్జీ ముక్కు చుట్టూ తేనెతుట్టె వంటి పొర కట్టినప్పుడు రెండు నెలలు నూనె పూసి ఈకలన్నీ జిడ్డు చేశాను. అవి పురుగులు, డాక్టరు మెడ వెనుక చర్మం మీద ఐవర్‌మెక్టిన్ ఒక్క చుక్క వేసి, రెండు వారాలకు మళ్లీ వేశారు, పోయాయి. అదే డాక్టరు కార్డు మీద నా పక్షి పేరు పక్కన లవ్ బర్డ్ అని రాశారు. అది వేరే జాతి అని చెప్పే ధైర్యం నాకు ఆ రోజు లేకపోయింది.

అద్దంలేనిఇల్లు:
డాక్టరు దగ్గరికి వెళ్లాలని నిర్ణయించుకుంటే నేను చేసిన పని చేయకండి. నలుగురిలో పరువు పోకూడదని పంజరాన్ని కడిగి, కొత్త కాగితం పరిచి, మెరిసేలా తీసుకువెళ్లాను. ఆయన ఒకసారి అడుగు కేసి చూసి, నేను చదవవలసిన ఉత్తరాన్ని మీరు చించేశారని అన్నారు. ముందు రోజు రెట్టలున్న కాగితాన్ని అలాగే తీసుకువెళ్లండి, బయలుదేరే ముందు వేసిన తాజా రెట్టను విడిగా ఒక ప్లాస్టిక్ ముక్క మీద పట్టుకోండి. ఊయలను తీసేయండి. నీళ్ల గిన్నె ఒలికిపోతుంది, దాని బదులు తడి ఆకుకూర సరిపోతుంది. ఇద్దరినీ ఒకే డబ్బాలో తీసుకువెళితే భయం కొంత తగ్గుతుంది.

పశువైద్యం_నాలుగోఏడు:
భయం గురించి ముప్ఫైపంజరాలు గారు చెప్పినదానిలో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. నీరసించిన పక్షి చేతిలోనే పోవచ్చు. అందుకే మంచి డాక్టరు ముందు దూరం నుంచి ఊపిరిని, తోకను, కూర్చున్న తీరును చూసి, ఆ తరువాత వెలుతురు తగ్గించి పట్టుకుంటారు. పక్షికి మనకున్నట్టు డయాఫ్రం, అంటే ఊపిరి ఆడించే కండరపు పొర, ఉండదు, రొమ్ము కదిలితేనే ఊపిరి ఆడుతుంది, కనుక తలను వేళ్ల మధ్య నిలిపి రొమ్మును వదులుగా ఉంచాలి. పట్టుకునే పద్ధతిని చూస్తే ఆ డాక్టరుకు పక్షులు తెలుసో తెలియదో మీకే అర్థమవుతుంది.

కొత్తరెక్కలు:
అందరికీ కృతజ్ఞతలు. వేకువకూత గారి మాట చదివిన వెంటనే గిన్నెలోకి ఊదాను. గింజలు ఉన్నాయి కానీ నేననుకున్నదానిలో సగం కూడా లేవు. నాలుగు రోజులు తూచాను: ఆకుపచ్చది 32 గ్రాముల దగ్గర నిలకడగా ఉంది, నీలిది 29 నుంచి 27కు దిగింది. నిన్న ఇద్దరినీ చూపించాను. ఆకుపచ్చదానిలో ఏ దోషమూ కనబడలేదు. నీలిదాని తాజా రెట్టను సూక్ష్మదర్శిని కింద పెట్టి, పొడుగ్గా కడ్డీల వంటివి కనబడితే నాకు కూడా చూపించారు. ఒకప్పుడు దానిని మెగాబ్యాక్టీరియా అని పిలిచేవారట, నిజానికి అది జీర్ణకోశంలో పెరిగే ఒక రకం శిలీంధ్రమట. పక్షి ఎంత తిన్నా అరగక చిక్కిపోతుందట. ఆంఫోటెరిసిన్-బి అనే మందును రోజుకు రెండుసార్లు నోట్లోనే వేయాలి. ఆకుపచ్చదాని రెట్టలో ఈసారి కనబడకపోయినా, అది అన్ని రోజులూ బయటపడదు కనుక మరో రెండుసార్లు చూస్తామన్నారు.

పశువైద్యం_నాలుగోఏడు:
శిలీంధ్రం. అంటే ఆ పసుపు పొడి డబ్బా మొత్తం తాగించినా దాని మీద ఏ ప్రభావమూ ఉండేది కాదు. ఇంతకన్నా నేను చెప్పేదేమీ లేదు.

ముప్ఫైపంజరాలు:
మీరు ఇప్పటికే చాలా చెప్పారు. మెగాబ్యాక్టీరియా నాకు కొత్త కాదు, దానితో చిక్కిపోయిన పక్షులను మేము ఎండు రోగం అనేవాళ్లం, అవి ఎలాగూ దక్కవని వేరు చేసేవాళ్లం. కొత్తరెక్కలు గారూ, మందును నోటి ఎడమ పక్క నుంచి కుడి వైపుకు, చుక్క తరువాత చుక్కగా, అది మింగే దాకా ఆగుతూ వేయండి. ఒకేసారి పోస్తే ఊపిరి గొట్టంలోకి పోతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

పశువైద్యం_నాలుగోఏడు:
పుస్తకంలోనూ అలాగే ఉంది.

కొత్తరెక్కలు:
ఈ ఉదయం 27 గ్రాములే ఉంది, ఇంకా దిగలేదు. మందు వేస్తుంటే సగం నా చొక్కా మీదికి విదిలించింది, అంత బలం ఉన్నందుకు సంతోషించాను. స్నానం సంగతి మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

వేకువకూత:
నీలిది కోలుకునే దాకా వద్దు. ఆకుపచ్చదానికి వెడల్పాటి పళ్లెంలో వేలి మందాన గోరువెచ్చని నీళ్లు పోసి, ఎండ పొద్దున పెట్టి, మీరు పక్కకు తప్పుకోండి.