యూదుల ఇంటికి కోడలిగా వెళ్లాలంటే: సంగతి ముందే చెప్పాలా, మనిషిని చూశాక చెప్పాలా?

నిత్యమల్లి:
మా ఇద్దరికీ ఈ ఒక్క విషయంలోనే పేచీ. అతను యూదుడు, న్యూజెర్సీలో పుట్టి పెరిగాడు. మాది గుంటూరు, రోజూ దీపం పెట్టుకునే ఇల్లు. పెళ్లి చేసుకుందామని నిశ్చయించుకున్నాం. వచ్చే నెల ఒక శుక్రవారం రాత్రి భోజనానికి వాళ్లింటికి రమ్మంటున్నాడు. ఇంట్లో మాత్రం "ఒక ఫ్రెండ్‌ని తీసుకొస్తున్నా" అని చెప్పి ఊరుకున్నాడు. ముందు నిన్ను చూడనీ, నచ్చాక మతం సంగతి మెల్లగా చెబుదాం అంటాడు. నేను మతం మారను, ఆ మాట వాళ్లకు ముందే తెలియాలి అంటాను. వాళ్లు కన్సర్వేటివ్ శాఖ (యూదు మతంలో మధ్యేమార్గం లాంటిది), ఇంట్లో కోషర్ అనే ఆహార నియమాలు పాటిస్తారు, నానమ్మ కూడా వాళ్లతోనే ఉంటుంది. ఎవరి మాట సబబు?

కృష్ణలంక కుర్రాడు:
నేను అబ్బాయి పక్షం. ముందే చెబితే వాళ్ల మనసులో మీరు "ఆ హిందూ అమ్మాయి" అయిపోతారు. ఇక మీరు ఎంత బాగా మాట్లాడినా ఆ ముద్ర పోదు. మా బావ ప్రేమించింది క్రైస్తవుల అమ్మాయిని. ఫోన్‌లో చెప్పాడు, అంతే, మా పెద్దమ్మ ఆ పిల్ల ముఖం కూడా చూడనంది. ఎదురుగా వచ్చి "నమస్తే అత్తయ్యా" అని ఉంటే అంత దూరం పోయేది కాదని ఇప్పటికీ నా నమ్మకం. పైగా అమెరికా యూదుల్లో ఇదేమీ వింత కాదు. ప్యూ అనే అమెరికా సర్వే సంస్థ 2020లో చేసిన సర్వే ప్రకారం, 2010 తర్వాత పెళ్లి చేసుకున్నవాళ్లలో 61 శాతం మంది యూదులు కానివాళ్లనే చేసుకున్నారు.

బోస్టన్ కోడలు:
తమ్ముడూ, ఆ 61 శాతం అన్ని శాఖల వాళ్లనూ, ఏ శాఖా లేనివాళ్లనూ కలిపిన లెక్క. ఆచారాలన్నీ గట్టిగా పాటించే ఆర్థడాక్స్ శాఖ వాళ్లలో అది దాదాపు లేనట్టే. కన్సర్వేటివ్ రబ్బీలు, అంటే వాళ్ల మతగురువులు, యూదులు కానివాళ్లతో పెళ్లి జరిపించరు. సడలింపు ఎక్కువున్న రిఫార్మ్ శాఖలో అది ఆ రబ్బీ ఇష్టం.

అసలు చిక్కు వేరే ఉంది నిత్యమల్లీ. వాళ్ల ధర్మశాస్త్రం ప్రకారం తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదుడు. రిఫార్మ్ శాఖ 1983లో తండ్రి వైపు నుంచీ ఒప్పుకుంది, బిడ్డను యూదుడిగా పెంచాలన్న షరతు మీద. కన్సర్వేటివ్ వాళ్లు ఒప్పుకోలేదు. యూదురాలైన అమ్మాయి మన అబ్బాయిని చేసుకుంటే పుట్టే బిడ్డ గురించి వాళ్లకు ఈ బెంగ ఉండదు. మీ విషయంలో ఉంటుంది. ఆ తల్లి మిమ్మల్ని చూస్తూ మనవల గురించే ఆలోచిస్తుంది. అది మీ మీద కోపం కాదు.

అలాంటి సంగతి శుక్రవారం రాత్రి బల్ల దగ్గర బయటపడకూడదు. షబ్బాత్ అంటే శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే వాళ్ల పవిత్ర విశ్రాంతి దినం, ఆ భోజనం మామూలు విందు కాదు. సూర్యాస్తమయానికి ముందే కొవ్వొత్తులు వెలిగించి, కళ్లు మూసుకుని దీవెన చదువుతారు. వైన్ గిన్నె పట్టుకుని కిద్దుష్ అనే దీవెన చదువుతారు. రెండు హల్లా రొట్టెలు గుడ్డ కింద ఉంటాయి.

నన్ను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు మా మామగారు కొడుకు తల మీద రెండు చేతులూ ఉంచి దీవించారు, అంత పెద్దవాడిని. తర్వాత నా దగ్గరికొచ్చి "నీకు అభ్యంతరం లేకపోతే" అన్నారు. తల వంచాను. కూతుళ్లకు చదివే దీవెన చదివారు: శారా, రిబ్కా, రాహేలు, లేయాలలా దేవుడు నిన్ను చేయాలని. నేను ఎవరినో, మతం మారనని, ఆయనకు అప్పటికే తెలుసు. కొడుకు నెల ముందే ఒంటరిగా వెళ్లి చెప్పాడు. తెలియకుండా దీవించి తర్వాత తెలుసుకుని ఉంటే, ఆయన మోసపోయినట్టే కదా?

కృష్ణలంక కుర్రాడు:
అక్కా, మీ మామగారు మంచివారు. అందరూ అలా ఉండరు. చెప్పాక "ఆ అమ్మాయిని తీసుకురావద్దు" అంటే?

బోస్టన్ కోడలు:
అంటే అప్పుడు నిలబడాల్సింది అబ్బాయి. కన్నవాళ్ల ముందు ఆ మాట అనలేనివాడు రేపు పిల్లల విషయంలో ఏం నిలబడతాడు? అది పెళ్లికి ముందే తేలాలి.

వేపచెట్టు నీడ:
నాది బోస్టన్ గారి మాటే, కానీ ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. విగ్రహారాధన. వాళ్ల మతంలో అది నిషిద్ధం. 2004లో ఏం జరిగిందో గుర్తుందా? ఆర్థడాక్స్ స్త్రీలు పెళ్లయ్యాక జుట్టు కప్పుకోవడానికి పెట్టుకునే విగ్గుల్లో తిరుమల తలనీలాలు ఉన్నాయని తెలిసి, ఇజ్రాయెల్‌లో రబ్బీ ఎల్యాషీవ్ అవి వాడకూడదన్నారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు తగలబెట్టారు. మనం మొక్కు తీర్చుకున్న జుట్టు వాళ్లకు నిషిద్ధం అయింది. నాకు అప్పుడు చాలా బాధేసింది. 2008లో జెరూసలేంలో హిందూ, యూదు పెద్దలు కూర్చుని, హిందువులు కొలిచేది ఒకే పరమాత్మనని ప్రకటించారు. అయినా నానమ్మ మీ ఇంట్లో విగ్రహాల గురించి అడగొచ్చు. వాదించకండి, మీరు నమ్మేది నమ్మినట్టు చెప్పండి.

ఇంట్లో వండినవి తీసుకెళ్లకండి. మన పులిహోరలో మాంసం లేకపోయినా మన గిన్నెలు కోషర్ కావు. పూలు పట్టుకెళ్లండి, అవీ సూర్యాస్తమయం లోపే.

మీది గుంటూరు అన్నారు కాబట్టి ఇంకొకటి. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు, బెనె ఎఫ్రాయిమ్ అంటారు. ఆ నానమ్మకు చెప్పి చూడండి, మాట కలుస్తుంది.

నిత్యమల్లి:
బెనె ఎఫ్రాయిమ్ సంగతి నాకే తెలియదు, ధన్యవాదాలండీ. పిల్లల గురించి మాత్రం మేమిద్దరమే ఇంకా మాట్లాడుకోలేదు.

బోస్టన్ కోడలు:
అయితే అది ముందు. కన్సర్వేటివ్ పద్ధతిలో పసిబిడ్డను మిక్వే అనే శుద్ధి స్నానపు కొలను నీళ్లలో ముంచి యూదుడిగా స్వీకరించే దారి ఉంది. మేం దానికి ఒప్పుకున్నాం, మా ఇంట్లో వినాయక చవితీ చేస్తాం. కొందరు రబ్బీలు ఇలా రెండూ ఉన్న ఇల్లంటే కుదరదంటారు. మీకు ఏది సమ్మతమో మీరే తేల్చుకోవాలి, అత్తగారు అడిగేలోపు.

కృష్ణలంక కుర్రాడు:
నేను ఇప్పటికీ మనిషిని చూశాకే అంటాను. ఒక్క ప్రశ్న అడుగుతా, ఏమీ అనుకోకండి. వాళ్లింట్లో ముందే చెప్పాలంటున్నారు, గుంటూరులో మీ ఇంట్లో చెప్పారా?

నిత్యమల్లి:
చెప్పాను. అమ్మ ఏడ్చింది. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అబ్బాయి వాళ్లింట్లో నీ గురించి తెలుసా?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. "ముందు అక్కడ తెలియనీ, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఇక్కడ అడిగింది అందుకే. నిన్న రాత్రి ఈ చర్చంతా అతనికి ఇంగ్లిష్‌లో చదివి వినిపించాను. ఆదివారం ఒక్కడే వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడతానన్నాడు. శుక్రవారం భోజనం ఉంటుందా లేదా అన్నది వాళ్లు చెప్పేదాన్ని బట్టి.