అప్‌డేట్: ట్రాక్టర్ లిఫ్ట్ ఇప్పుడు నిలుస్తోంది

రోటవేటర్ (మట్టిని గుల్ల చేసే పనిముట్టు) ఎత్తి ఇంజిన్ ఆపగానే, దాన్ని ఆయిల్ ఒత్తిడితో ఎత్తే లిఫ్ట్ మెల్లగా దిగిపోతోందని, ఇంజిన్ నడుస్తుంటే లిఫ్ట్ ఆర్మ్‌లు ఆగి ఆగి పైకీ కిందికీ ఊగుతున్నాయని అడిగాను కదా. లిఫ్ట్‌కు ఆయిల్ తోసే పంపు పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. సమస్య దొరికింది, తీరింది కూడా. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పంపు బాగానే ఉంది. అది అరిగితే ముందు ఎత్తడమే నెమ్మదిస్తుంది. మాది చకచకా ఎత్తుతోంది, ఎత్తాక నిలవట్లేదు. అంటే సిలిండర్‌లో నిలవాల్సిన ఆయిల్ లోపలే ఎక్కడో జారుతోంది. కొంచెం దిగగానే కంట్రోల్ వాల్వ్ మళ్లీ పైకి లేపుతుంది, ఆ ఊపు అందుకే. ఆయిల్, ఫిల్టర్ మార్చినా తేడా రాలేదు.

రోటవేటర్ విప్పేసి, ఆర్మ్‌లు పూర్తిగా దించి, మా బావ సాయంతో సీటు తీసి చైన్ బ్లాక్‌తో లిఫ్ట్ టాప్ కవర్ లేపాం. పిస్టన్ మీది ఓ-రింగ్ (ఆయిల్ జారకుండా ఆపే రబ్బరు రింగు) గోరుతో నొక్కినా దిగనంత గట్టిపడింది, ఒక పక్క ముక్క ఊడిపోయింది. సిలిండర్ లోపల వేలు తిప్పితే గీతలేం తగల్లేదు, అదే పెద్ద ఊరట. గీతలుంటే కొత్త రింగు కూడా ఎక్కువ కాలం ఆగదు.

కొత్త ఓ-రింగ్, బ్యాకప్ రింగ్ (ఒత్తిడికి ఓ-రింగ్ పక్కకు నలిగిపోకుండా ఆపేది), గాస్కెట్ వేశాం. బ్యాకప్ రింగ్ ఆయిల్ ఒత్తిడి వచ్చే వైపు కాకుండా అవతలి వైపే కూర్చోవాలి, ఇది మాత్రం జాగ్రత్త.

ఇప్పుడు ఇంజిన్ ఆపినా రోటవేటర్ అలాగే నిలబడుతోంది, ఊపు పోయింది. డ్రాఫ్ట్ కంట్రోల్ (నేల లాగుడును బట్టి పనిముట్టును లిఫ్ట్ పైకీ కిందికీ సర్దే ఏర్పాటు) ఇంకా చూడలేదు, నాగలి కట్టినప్పుడు తెలుస్తుంది.