గ్రాట్యుటీ కోసం జూన్ దాకా ఆగాలా, ఇప్పుడే మానేయాలా?

విజయవాడలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ లెక్చరర్‌ని. పొద్దున 7కి వెళ్తే స్టడీ అవర్ ముగిసేసరికి రాత్రి 9. పాఠంతో పేచీ లేదు, ఇంటిగ్రేషన్ చెప్తుంటే ఇప్పటికీ టైమే తెలీదు. మిగతాదే ప్రాణం తీస్తోంది: వీక్లీ టెస్టులో సెక్షన్ వెనకబడితే అందరి ముందూ నిలదీయడం, సంక్రాంతి దాటగానే అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగడం.

ఆదివారం సాయంత్రమైతే కడుపులో మంట మొదలు. ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు, మాత్రలతో తగ్గట్లేదు. దసరా సెలవుల్లో మాత్రం మాత్ర వేసుకోకపోయినా మంట లేదు! బ్రాంచి మార్చమన్నా, స్టడీ అవర్ తప్పించమన్నా, "ఇయర్ మధ్యలో కుదరదు" అనే సమాధానం.

వచ్చే జూన్‌కి ఇక్కడ అయిదేళ్లు నిండుతాయి; అప్పుడు మానేస్తే గ్రాట్యుటీ, అంటే సర్వీసుకు కాలేజీ ఇచ్చే డబ్బు, వస్తుంది. బేసిక్ 20,000, 15/26 లెక్కన (నెలకి 26 రోజులనుకుని ఏడాదికి 15 రోజుల జీతం) అది సుమారు 57,700. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. వేరే ఆఫర్ లేదు, నాలుగు నెలల ఖర్చుకు డబ్బుంది. "ఓర్చుకో" అనే సలహా ఇంట్లోనే దండిగా దొరుకుతోంది, అదొద్దు.

ఇలాంటి కాలేజీల్లో మానేసినవాళ్లు చెప్పండి: ఆ డబ్బు కోసం జూన్ దాకా ఆగడం మంచిదా, ఇప్పుడే నోటీసు ఇచ్చేయమంటారా?