రాత్రయితే తెగిపోతున్న ఇంటర్నెట్: ఫోన్ లైన్ బ్రాడ్‌బ్యాండ్ గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారమండీ. ఈ దేశానికి కొత్తగా వచ్చాను. అద్దెకు దిగిన ఇంటికి ఫైబర్ రాలేదు, ఫోన్ లైన్ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండే దిక్కు. పగలు పర్వాలేదు గానీ చీకటి పడితే మాటిమాటికీ పోతోంది. ఆఫీసు మీటింగులంటేనే టెన్షన్‌గా ఉంటోంది. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు వస్తుంది, మళ్లీ మామూలే. కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లూ ఆఫ్ చేసి ఆన్ చేయమంటున్నారు. వాళ్ల యాస సగం అర్థం కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పగలరా?

* * *

ముందు ఆ ఆఫ్-ఆన్ ఆపండి. చాలా కంపెనీల దగ్గర లైన్ ఎన్నిసార్లు తెగుతోందో గమనించి, దాన్నిబట్టి వేగాన్ని సర్దే సిస్టమ్ ఉంటుంది. లైన్ తనంతట తాను తెగిందా, మీరు స్విచ్ తీశారా అన్నది దానికి అన్నిసార్లూ తెలియదు. ఒక్క సాయంత్రంలో పదేపదే స్విచ్ తీస్తే ఈ లైన్‌కు నిలకడ లేదని తేల్చేసి వేగం తగ్గిస్తుంది. ఆ తగ్గింపు పోవడానికి రోజులు పట్టొచ్చు.

తర్వాత, అసలు పోతున్నది ఏమిటో చూడాలి. ఈసారి పోగానే రౌటర్ లైట్లు చూడండి. డీఎస్ఎల్ (ఫోన్ లైన్ మీద వచ్చే ఇంటర్నెట్‌కు పేరు) అని రాసి ఉన్న లైటు కదలకుండా వెలుగుతూనే ఉండి, మీ లాప్‌టాప్‌లో మాత్రం ఏమీ రాకపోతే ల్యాన్ కేబుల్ పెట్టి చూడండి. కేబుల్ మీద బాగానే వస్తుంటే అది వైఫై గొడవ. రాత్రిపూట చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లో తోసుకుంటుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే చాలావరకు తీరుతుంది. డీఎస్ఎల్ లైటు బాగుండి పక్కనున్న ఇంటర్నెట్ లైటు ఒక్కటే ఆరిపోతుంటే అది ఎక్కువగా కంపెనీ వైపు లాగిన్ సమస్య, మీ ఇంటి వైర్లతో పని లేదు. డీఎస్ఎల్ లైటే మిణుకుమిణుకుమంటుంటే లైన్ తెగుతున్నట్టు. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు ఇదే అనిపిస్తోంది.

ఒకే రాగి తీగల జతలో ఫోన్ మాటలూ ఇంటర్నెట్టూ కలిసే వస్తాయి. మాటలకు 4 కిలోహెర్ట్జ్ లోపు చాలు. డీఎస్ఎల్‌లో రకాలున్నాయి. పాత రకం ఏడీఎస్ఎల్ అయితే దానికి పైన 1.1 మెగాహెర్ట్జ్ వరకు, ఏడీఎస్ఎల్2ప్లస్ 2.2 వరకు వాడుకుంటుంది. వీడీఎస్ఎల్2 ఇంకా చాలా పైకి, 17 మెగాహెర్ట్జ్ దాటి కూడా వెళ్తుంది. ఫోన్ మాటలనూ ఇంటర్నెట్‌నూ విడదీసేదే ఫిల్టర్ అనే చిన్న డబ్బా. ఇంట్లో లైన్‌కు తగిలించిన ప్రతి ఫోన్‌కీ, ఫ్యాక్స్‌కీ, దొంగల అలారానికీ అది ఉండాలి, లేదా లైన్ లోపలికి వచ్చే చోటే ఒక పెద్ద స్ప్లిటర్ ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా మొత్తం లైన్ పాడవుతుంది. అద్దె ఇళ్లలో ఇదే తలనొప్పి. వెనకటి వాళ్లు ఏ గదికి ఏ వైరు లాగారో, మంచం వెనక ఏ సాకెట్ ఉందో ఎవరికీ తెలియదు.

అందుకే ఈ పరీక్ష తప్పకుండా చేయండి. బయటి నుంచి లైన్ ఇంట్లోకి వచ్చే మొదటి సాకెట్ ఎక్కడుందో వెతకండి. మిగతా సాకెట్లలో ఉన్నవన్నీ పీకేసి, రౌటర్ ఒక్కదాన్ని అక్కడ పెట్టండి. ఫోన్ వైరు పొట్టిది వాడండి, ఫిల్టర్ కొత్తది పెట్టండి. కొన్ని సాకెట్లకు ముందు మూత విప్పితే లోపల టెస్ట్ సాకెట్ ఉంటుంది, అందులో పెడితే ఇంటి లోపలి వైరింగ్ పూర్తిగా తప్పుకుంటుంది. ఒకటి రెండు రాత్రులు అలాగే వదిలేయండి. తెగడం ఆగితే దోషం ఇంట్లోది. ఆగకపోతే రౌటర్‌దో, దాని అడాప్టర్‌దో, బయటి లైన్‌దో. వీలైతే ఎవరిదైనా రౌటర్ అడిగి తెచ్చి పెట్టి చూడండి.

రాత్రే ఎందుకంటారా? మీడియం వేవ్ రేడియో స్టేషన్లు సుమారు 530 నుంచి 1600 కిలోహెర్ట్జ్ మధ్య ప్రసారం చేస్తాయి. అంటే సరిగ్గా మీ బ్రాడ్‌బ్యాండ్ నడిచే చోటే. చీకటి పడ్డాక ఆ తరంగాలు పై వాతావరణంలో పరావర్తనం చెంది చాలా దూరం వస్తాయి. ఇంట్లో గదిగదికీ పాకిన పాత ఫోన్ వైరు ఏంటెనాలా వాటిని పట్టుకుంటుంది. పైగా లైట్లు, టీవీ, చార్జర్లు పనిలో ఉండేదీ ఆ వేళే. నాసిరకం అడాప్టర్ ఒక్కటి చాలు లైన్‌ను కుదిపేయడానికి. బ్యాటరీ మీద నడిచే పాత ఏఎమ్ రేడియో దొరికితే 612 కిలోహెర్ట్జ్ దగ్గర, స్టేషన్ ఏదీ రాని చోట పెట్టి ఇల్లంతా తిరగండి. ఎక్కడ బుర్రుమని మోత పెరిగితే అక్కడున్న వస్తువు స్విచ్ తీసి చూడండి. నవ్వొచ్చే పనే, కానీ చాలా యాప్‌లకంటే బాగా పట్టిస్తుంది.

రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్, చాలావాటికి 192.168.1.1, బ్రౌజర్‌లో కొడితే లైన్ వివరాలు వస్తాయి. ఎస్ఎన్ఆర్ మార్జిన్ అన్న అంకె, అంటే రొదను తట్టుకోవడానికి లైన్‌కు మిగిలిన వెసులుబాటు, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి రాసి పెట్టుకోండి. సాధారణంగా 6 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. 3 కిందికి దిగితే ఎప్పుడైనా తెగొచ్చు. అటెన్యుయేషన్ అంటే దారిలో సిగ్నల్ ఎంత బలహీనపడిందన్నది, దాన్నిబట్టి ఎక్స్ఛేంజి ఎంత దూరమో తెలుస్తుంది. ఏడీఎస్ఎల్‌లో అది 60 డెసిబెల్స్ దాటితే లైన్ చాలా పొడవని అర్థం, అప్పుడు వేగం మీద ఆశ పెట్టుకోకండి, నిలకడ కోసం చూడండి.

* * *

అన్నగారు అన్నీ చెప్పారు, నేను రెండు మాటలు కలుపుతాను.

లైన్‌లో మామూలు ఫోన్ ఉంటే ఎత్తి వినండి. గరగరమని వినిపిస్తే ముందు దాన్ని ఫోన్ లైన్ ఫాల్ట్‌గా చెప్పండి, ఇంటర్నెట్ అనే మాటే ఎత్తకండి. మాట సరిగా వినపడట్లేదంటే చాలా చోట్ల త్వరగా కదులుతారు. ఫోన్ మోగినప్పుడల్లా నెట్ పోతుంటే ఫిల్టర్‌నో, ఎక్కడో తుప్పు పట్టిన జాయింట్‌నో అనుమానించండి. వాన పడ్డాకే పోతుంటే బయటి జాయింట్‌లోకి నీళ్లు చేరి ఉండొచ్చు. ఇక మీ రౌటర్ వెనకే ఫోన్ పెట్టుకునే కొత్త రకం కనెక్షన్ అయితే గోడ సాకెట్‌లో డయల్ టోన్ రాదు, దానికి కంగారు పడకండి.

యాస సంగతికి వస్తే, కంపెనీ వెబ్‌సైటులో చాట్ ఉంటే అదే వాడండి, రాతపూర్వకంగానూ ఉంటుంది. "నెట్ స్లో" అనకండి. "డీఎస్ఎల్ సింక్ పోతోంది, మొదటి సాకెట్‌లో పెట్టి చూశాను, మార్జిన్ ఇంత" అని రాయండి. సింక్ అంటే మీ రౌటర్‌కూ అవతలి కంపెనీ పరికరానికీ మధ్య లంకె. అప్పుడు ఆఫ్ చేసి ఆన్ చేయమనే పాట మానేస్తారు. టెక్నీషియన్‌ని పిలిచే ముందు తప్పు ఇంటి లోపలిదని తేలితే డబ్బు కట్టాలా అని అడిగి, జవాబు దాచుకోండి. చాలా కంపెనీలు అలా వసూలు చేస్తాయి.

* * *

అన్నగారూ, అక్కగారూ, చాలా థాంక్స్. బెడ్‌రూమ్ సాకెట్‌లో ఉన్నప్పుడు మార్జిన్ పగలు 8, రాత్రి 2. మొదటి సాకెట్ వీధి తలుపు పక్కన దొరికింది. అక్కడ పెట్టాక రాత్రి కూడా 6 దాకా ఉంది, తెగలేదు. అల్మరా వెనక ఇంకో సాకెట్ కనిపించింది, దానికి పాత అలారం పెట్టె తగిలించి ఉంది, ఫిల్టర్ లేదు. కానీ నేను పనిచేసే గది అక్కడికి దూరం. పొడవు ఫోన్ వైరు కొనుక్కోనా?

* * *

వద్దు. రౌటర్ అక్కడే ఉంచి, గదిదాకా ల్యాన్ కేబుల్ లాగండి. 100 మీటర్ల వరకు దానికి ఇబ్బంది లేదు. ఫోన్ వైరు పొడిగిస్తే మళ్లీ అదే ఏంటెనా. వేగం ఇప్పుడు తక్కువగా కనిపించినా కొన్నాళ్లు రౌటర్ జోలికి వెళ్లకండి, మెల్లగా పెరుగుతుంది. అలారం మాత్రం ఇంటి ఓనర్‌ని అడగకుండా పీకకండి. అది ఇంకా పనిచేస్తోందంటే ఓ ఫిల్టర్ తగిలించమనండి.