తుపాకీ కవరు జిప్పు వెనకాలే విచ్చుకుంటా ఉంది. రన్నర్ మారిస్తే చాలా, జిప్పే మార్చాలా?

చిత్తూరు రైతు:
లైసెన్సు ఉన్న 12 బోరు సింగిల్ బ్యారెల్ తుపాకీ. దాని కవరు కాన్వాసుది, లోపల స్పాంజి, బొచ్చు గుడ్డ. ఎలక్షన్లప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసి తెచ్చుకున్నాక జిప్పు పని చేయడం లేదు. రన్నర్ లాగితే పళ్లు పడతా ఉన్నాయి, రెండు జానలు పోయేసరికి వెనకాల విచ్చుకుంటా ఉన్నాయి. టౌన్లో అడిగితే కవరంతా విప్పి జిప్పు మొత్తం మార్చాల అంటున్నారు. నిజంగా అంత పని ఉందా అన్నా?

బ్యాగుల పని, తిరుపతి:
విప్పించే ముందు ఒకటి చూడండి సార్. విచ్చుకునేది ప్రతిసారీ ఒకే చోటా, లేక ఎక్కడబడితే అక్కడా? ఒకే చోటైతే అక్కడ పన్ను విరిగిందో, కాయిల్ (కొన్ని జిప్పుల్లో పళ్ల బదులు ఉండే చుట్టల తీగ) నలిగిందో అయి ఉంటుంది. అది జిప్పు లోపం. ఎక్కడబడితే అక్కడ విడిపోతుంటే పళ్లు బాగానే ఉన్నట్టు, అరిగింది రన్నర్. మీరు చెప్పిన తీరు చూస్తే రన్నరే అనిపిస్తోంది.

రన్నర్ పై రేకుకీ కింది రేకుకీ మధ్య సందు ఉంటుంది. వాడకంలో ఆ సందు వెడల్పవుతుంది. అప్పుడు పళ్లు లోపలికైతే పోతాయి గానీ ఒకదాన్నొకటి పట్టుకునేంత ఒత్తిడి ఉండదు. కవరుని చాలాకాలం మడిచి పడేసినా, ఏదైనా బరువు పెట్టినా రన్నర్ ఇలాగే వంగుతుంది.

ముందు చిన్న ప్లయర్‌తో ప్రయత్నించండి. రన్నర్‌ని జిప్పు తెరిచి ఉండే చివరకి తీసుకురండి. నొక్కాల్సింది వెనక భాగం, అంటే కలిసిన పళ్లు బయటికొచ్చే వైపు. ఎడమ అంచు కొంచెం, కుడి అంచు కొంచెం నొక్కి, ఒకసారి లాగి చూసి, మళ్లీ కొంచెం. రెండు నోళ్లుండే ముందు వైపు ముట్టుకోవద్దు. ఎక్కువ నొక్కితే రన్నర్ బిగుసుకుపోతుంది, అప్పుడు సన్న స్క్రూడ్రైవర్ సందులో పెట్టి కాస్త విప్పాలి. ఈ రన్నర్లు చాలావరకు జింకు కరిగించి అచ్చులో పోసినవి. అటూ ఇటూ రెండుసార్లు వంచితే పుటుక్కున విరుగుతాయి. నొక్కి నడిపించడం తాత్కాలికమే, ఆ లోపు కొత్త రన్నర్ తెచ్చుకోవాలి.

చిత్తూరు రైతు:
నొక్కినాను. చివరి దాకా పడింది గానీ మధ్యలో ఒకసారి విచ్చుకుంది. రన్నర్ వెనక 10 అని ఉంది, పక్కన సి అక్షరం. ఏ రన్నర్ అడగాల?

బ్యాగుల పని, తిరుపతి:
10వ నంబరు కాయిల్ రన్నర్. జిప్పు మూసినప్పుడు పళ్ల వెడల్పు సుమారు ఎన్ని మిల్లీమీటర్లో నంబరు దాదాపు అంతే. 5వ నంబరు 6 మి.మీ. దగ్గర ఉంటుంది, 10వ నంబరు 10 మి.మీ. దగ్గర. నంబరు ఒకటే అయినా రకం వేరైతే పట్టదు. కాయిల్ అంటే స్ప్రింగులా చుట్టిన నైలాన్ తీగ. విడివిడిగా పోసిన ప్లాస్టిక్ పళ్లు ఇంకొకటి, ఇత్తడి పళ్లు ఇంకొకటి. ఒకదాని రన్నర్ ఇంకొకదానికి ఎక్కదు, ఎక్కినా రెండు రోజుల్లో పళ్లు తినేస్తుంది.

కాయిల్‌లో మళ్లీ తేడా ఉంది. కొన్ని కవర్లకు తీగ బయటికి కనపడుతుంది, కొన్నిటికి లోపలికి ఉండి పైకి నున్నటి పట్టీ మాత్రమే కనిపిస్తుంది. రెండింటికీ రన్నర్ వేరు. అందుకే పాత రన్నర్ చేతిలో పట్టుకుని పోండి, కంపెనీని బట్టి కూడా వెంట్రుకవాసి తేడా వస్తుంది. కవరు తీసుకుపోయేటట్లయితే తుపాకీ ఇంట్లో తాళం వేసి పెట్టండి, జేబుల్లో తూటాలు లేవని చూసుకోండి. మర్చిపోయిన తూటా షాపు బల్ల మీద బయటపడితే బాగుండదు.

తోలు పని, పలమనేరు:
రన్నర్ ఎక్కించడం ఇంట్లోనే చేసుకోవచ్చు. జిప్పు మూయడం మొదలయ్యే చివర కుట్టు 3 సెం.మీ. విప్పండి. అక్కడ అడ్డుగా కుట్టిన దారమో, రేకు క్లిప్పో ఉంటుంది, తీసేయండి. రెండు పట్టీల చివరలు సమానంగా కత్తిరించండి. నైలాన్ పోగులు ఊడకుండా వెలిగించిన అగరొత్తి కొస తాకించండి, లైటరైతే తీగే కరిగిపోతుంది. ఇప్పుడు రన్నర్ రెండు నోళ్లలోకి చెరొక పట్టీ దూర్చి, వెనక నుంచి రెండూ కలిపి లాగాలి. ఒక పట్టీ రెండు పళ్లు ముందుకు పోయినా చివరికి జిప్పు ఉబ్బుగా వస్తుంది. అది లాగి సర్దుకునేది కాదు, రన్నర్ తీసి మళ్లీ ఎక్కించాల్సిందే.

సరిగ్గా నడిచాక పళ్ల మీదుగా గట్టి పాలిస్టర్ దారంతో 7, 8 చుట్లు వేసి అడ్డు కట్టండి. రేకు క్లిప్పు వద్దు, కుందా (తుపాకీని భుజానికి ఆనించే భాగం) కర్ర మీద గీత పడుతుంది. ఆ చివర పైన చిన్న తోలు ముక్క కుడితే ఇంకా మంచిది. రన్నర్‌కి ఇనుప పిడి బదులు తాడు ముడి చాలు.

ఎయిర్ రైఫిల్, తిరుపతి:
ఇదే చోట ఒకటి అడుగుతాను. పిల్లల షూటింగ్ కవరు జిప్పు కుందా మూల దగ్గర పట్టీతో సహా చిరిగింది. 5వ నంబరు జిప్పు. దీనికి రన్నర్ సంగతి కాదు కదా?

బ్యాగుల పని, తిరుపతి:
కాదండీ, అది మొత్తం మార్చేదే. 10 మీటర్ల పోటీ ఎయిర్ రైఫిల్ బరువు నిబంధన ప్రకారం 5.5 కిలోల దాకా ఉండొచ్చు. అంత బరువు మూల మలుపులో 5వ నంబరు మీద పడితే నిలవదు. 10వ నంబరు కాయిల్ వేయించండి. రెడీమేడ్ జిప్పు వెతక్కండి, అంత పొడవుది దొరకడం కష్టం. మీటరు లెక్కన రోల్ నుంచి కోసి ఇస్తారు, రన్నర్లు విడిగా కొనాలి. పొడవు రైఫిల్‌ని బట్టి కాదు, పాత జిప్పు కుట్టు వెంట టేపు పెట్టి మలుపుతో సహా కొలిచి 6 సెం.మీ. కలపండి. రెండు రన్నర్లు ముందు నోళ్లు ఎదురెదురుగా వచ్చేలా వేస్తే మూసినప్పుడు రెండూ ఒకచోట కలుస్తాయి, చిన్న తాళం కూడా పడుతుంది.

పాత జిప్పు విప్పక ముందే, మూసి ఉండగా, రెండు అంచుల మీదా 15 సెం.మీ.కి ఒక చాక్‌పీసు గీత ఎదురెదురుగా పెట్టండి. కొత్త జిప్పు మీద కూడా అవే కొలతలకు గీతలు. కుట్టేటప్పుడు గీతకి గీత కలవాలి. ఇది వదిలేస్తే ఒక వైపు సాగి కవరు మెలి తిరుగుతుంది. వంకర పోయిన కవర్లలో ఎక్కువ ఇక్కడ చెడినవే. జిప్పుని లాగి పట్టి కుట్టకూడదు, అలలు వస్తాయి.

18 నంబరు సూది, బ్యాగులు కుట్టే పాలిస్టర్ లేదా నైలాన్ దారం, కుట్టు 4 మి.మీ. పొడవు. నూలు దారం నూనెకీ చెమ్మకీ చివికిపోతుంది. రెక్సిన్ మీద దగ్గర దగ్గరగా కుడితే పోస్టల్ స్టాంపు అంచులా చిల్లుల వెంటే చిరుగుతుంది. అదే కారణంతో గుండుసూదులు వద్దు, క్లిప్పులు పెట్టండి. కుట్టు పళ్లకి 5 మి.మీ. దూరంలో ఉండాలి. ఇంకా దగ్గరైతే రన్నర్ దారాన్ని రాసుకుంటూ పోతుంది. పట్టీ బయటి అంచున రెండో కుట్టు తప్పనిసరి, మూల దగ్గర ఒకటికి రెండు సార్లు. బొచ్చు గుడ్డ రన్నర్లో ఇరుక్కోకుండా లోపల 2 సెం.మీ. రిబ్బను కూడా ఈ కుట్టులోనే కలిపేయమనండి.

ఇంటి మిషను కాన్వాసు రెండు పొరలు, స్పాంజి, పట్టీ అన్నీ కలిపి లాగలేదు. చెప్పులు, బ్యాగులు కుట్టే పెద్ద మిషను కావాలి.

తోలు పని, పలమనేరు:
బ్యారెల్ వైపు సన్నటి గొట్టంలోకి ఏ మిషనూ పోదు. అక్కడ చివరి జానెడు చేత్తోనే కుట్టాలి, ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, పాత చిల్లుల్లోంచే ఒకటి అటు, ఒకటి ఇటు. దారానికి మైనం పట్టించండి. తోలు కవరు వాళ్లకి మైనం దారం, మందపాటి జిప్పు ఇక్కడ దొరక్కపోతే తమిళనాడులో రాణిపేట, ఆంబూరు వైపు చూడొచ్చు, అక్కడ తోలు పరిశ్రమే ఉంది.

చిత్తూరు రైతు:
రన్నర్ దొరికింది, ఎక్కించినాను, పడతా ఉంది. కొంచెం బిర్రుగా ఉంది. గన్ ఆయిల్ ఒక చుక్క వేయచ్చా?

బ్యాగుల పని, తిరుపతి:
వద్దు సార్, కొబ్బరినూనె కూడా వద్దు. నూనెకి మట్టి అంటుకుని ఆ ముద్దే రన్నర్‌ని అరగదీస్తుంది. పాత బ్రష్షుతో సబ్బునీళ్లు పెట్టి పళ్లు కడిగి, పూర్తిగా ఆరాక తెల్ల కొవ్వొత్తి పళ్ల మీద రుద్ది పదిసార్లు అటూ ఇటూ లాగండి. ఇత్తడి జిప్పు పచ్చగా చిలుము పట్టిన వాళ్లు చింతపండు పులుసు బ్రష్షుతో పళ్లకి మాత్రమే రాసి, వెంటనే కడిగి ఆరబెట్టాలి. తోలుకి తగలనివ్వద్దు.

జిప్పు బాగయింది కదా అని తుపాకీని అందులోనే పెట్టి ఉంచకండి. స్పాంజి చెమ్మ పట్టి ఉంచుతుంది. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూడా వానలు బాగా పడతాయి కదా, ఆ నెలల్లో మూసిన కవర్లో బ్యారెల్‌కి తుప్పు త్వరగా లేస్తుంది. కవరు తీసుకుపోవడానికి మాత్రమే. ఇంట్లో ఖాళీ కవరుని జిప్పు తెరిచి, మడత పెట్టకుండా వేలాడదీయండి.