స్థానిక హెచ్‌డీ ఛానెళ్లకు డిష్ బిల్లు కట్టాలా, యాంటెనా పెట్టుకుంటే చాలదా?

ఫ్రిస్కోవాసి:
డాలస్ చుట్టుపక్కల ఉంటున్నవారిని అడుగుతున్నాను. మా ఇంట్లో ఉపగ్రహ టీవీ ఉంది. మొన్న బిల్లు తీరిగ్గా చదివితే స్థానిక ఛానెళ్ల పేరుతో విడిగా ఒక పద్దు కనిపించింది. ఫాక్స్ 4, ఎన్‌బీసీ 5, ఏబీసీ 8, సీబీఎస్ 11, ఈ నాలుగూ సెడార్ హిల్ టవర్ల నుంచి గాలిలో ఉచితంగా వస్తున్నవే కదా! ఊరి చెరువు నీళ్లు బిందెలో పోసి మనకే అమ్మినట్టుంది. ఇది శుద్ధ దండగ అని నా వాదన. కాదనేవారు ఎందుకో చెప్పండి.

పాతకాపు:
చెరువు పోలిక బాగుంది కానీ సగమే నిజం. నేను 1997లో ఇక్కడికి వచ్చినప్పుడు డిష్ పెట్టుకున్నవారికి స్థానిక ఛానెళ్లు మామూలుగా దొరికేవి కావు. యాంటెనాకు సిగ్నల్ అందని ఇళ్లకు మాత్రం వేరే ఊళ్ల నెట్‌వర్క్ ఛానెళ్లు ఇచ్చేవారు. ఏ ఊరి ఛానెళ్లు ఆ ఊరికి ఉపగ్రహం ద్వారా ఇవ్వడానికి 1999 చివర్లో వచ్చిన చట్టం దారి తెరిచింది. హెచ్‌డీకి ఇంకా ఎక్కువ చోటు కావాలి. అందుకే ఉపగ్రహం నుంచి సన్నటి కిరణాలను ఒక్కో ప్రాంతం మీదికే వదిలి, అదే పౌనఃపున్యాన్ని దూరంగా ఉన్న మరో ప్రాంతానికి మళ్లీ వాడుతున్నారు. డైరెక్‌టీవీ అనే ఉపగ్రహ టీవీ సంస్థ 2005లో రెండు స్పేస్‌వే ఉపగ్రహాలు పైకి పంపింది ఈ పని కోసమే. బిందె మోసినవాడికి కూలి ఇవ్వవద్దంటే ఎలా?

లెక్కలమాస్టారు:
కూలి బిందె మోసినవాడికే పోతే నాకూ అభ్యంతరం లేదు, పాతకాపు గారూ. అందులో చాలా భాగం చెరువు గట్టున కూర్చున్నవాడికి పోతోంది. 1992 నాటి కేబుల్ చట్టం ప్రకారం మూడేళ్లకొకసారి టీవీ స్టేషన్ ఒక దారి ఎంచుకుంటుంది. కేబుల్, డిష్ సంస్థలను ఉచితంగా తప్పనిసరిగా చూపించమని అడగవచ్చు, లేదా చూపించే అనుమతికి ధర అడగవచ్చు. గిరాకీ ఉన్న పెద్ద స్టేషన్లు రెండోదే ఎంచుకుంటాయి. బేరం తెగకపోతే తెర నల్లబడుతుంది. 2021 అక్టోబరు నుంచి 2022 ఫిబ్రవరి దాకా డిష్ నెట్‌వర్క్ అనే ఉపగ్రహ టీవీ సంస్థలో, చాలా ఊళ్లలో టీవీ స్టేషన్లున్న టెగ్నా సంస్థ ఛానెళ్లు రాలేదు. మన 8వ ఛానెల్ కూడా అందులో ఉంది. యాంటెనా ఉన్నవారికి ఆ తగాదా సంగతే తెలియలేదు.

ఆటలపిచ్చి:
సిద్ధాంతం సరే, ఫుట్‌బాల్ చూసేవాడి కష్టం వినండి. నేను డిష్ మానేసి, కిటికీకి అంటించే పలుచటి పలక యాంటెనా కొన్నాను. 4, 5, 11 అద్దంలా వచ్చాయి. 8 మాత్రం గళ్లు గళ్లుగా విరిగి, మాట మింగేసేది. పలకను గది అంతా తిప్పాను. చివరికి మా ఆవిడ దాన్ని పట్టుకుని నిలబడితే వచ్చింది, కానీ ఆట మూడు గంటలు కదండీ! డిష్‌లో అన్నీ ఒకే రిమోట్‌లో, ఒకే పెట్టెలో రికార్డవుతాయి. మళ్లీ డిష్‌కే వెళ్లాను. నాకు సిగ్గు లేదు.

అటకయాంటెనా:
తప్పు పలకది, 8వ ఛానెల్‌ది కాదు. 2009 జూన్‌లో డిజిటల్‌కు మారినప్పటి నుంచి 8 ఇప్పటికీ తక్కువ పౌనఃపున్యాల బ్యాండ్ అయిన వీహెచ్‌ఎఫ్‌లో, 8వ నంబరు మీదే వస్తోంది. 4, 5, 11 అంతకంటే ఎక్కువ పౌనఃపున్యాల యూహెచ్‌ఎఫ్ బ్యాండ్‌లో ఉన్నాయి. వీహెచ్‌ఎఫ్ 8 తరంగం పొడవైనది. దానికి సరిగ్గా సరిపోవాలంటే సుమారు 80 సెంటీమీటర్ల కడ్డీ కావాలి. కిటికీ పలకలో అంత చోటెక్కడిది? రెండు బ్యాండ్లూ పట్టే కడ్డీల యాంటెనా కొని దక్షిణం వైపు తిప్పండి. ఫ్రిస్కో నుంచి సెడార్ హిల్ దాదాపు 40 మైళ్లు, అసాధ్యమేమీ కాదు.

ఇంకొక మాట. ఈ మధ్య కట్టిన చాలా టెక్సస్ ఇళ్లలో వేడి ఆపడానికి పైకప్పు చెక్కలకు లోపలివైపు అల్యూమినియం రేకు ఉంటుంది. అది సిగ్నల్‌ను కూడా ఆపుతుంది. అలాంటి ఇంట్లో అటక మీద పెట్టడం దండగ, చూరు దగ్గర బయటే బిగించుకోవాలి.

ఫ్రిస్కోవాసి:
బయట పెడితే మా కాలనీ సంఘం ఊరుకోదు. చెత్తబుట్ట ఒక్క పూట ఎక్కువ ఉంచితే ఉత్తరం పంపినవాళ్లు!

అటకయాంటెనా:
ఉత్తరం పంపనివ్వండి. అమెరికాలో ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ 1996 నిబంధన ప్రకారం సొంత ఇంటి మీద టీవీ యాంటెనాను గానీ, ఒక మీటరు లోపు డిష్‌ను గానీ కాలనీ సంఘం నిషేధించలేదు. భద్రతకు సంబంధించిన షరతులు పెట్టవచ్చు, అంతే.

వానమబ్బు:
డబ్బు గురించి, బొమ్మ గురించి ఇంత మాట్లాడారు, వాన గురించి ఒక్కరూ ఎత్తలేదు. 2019 అక్టోబరు 20 రాత్రి ఉత్తర డాలస్ మీదుగా సుడిగాలి వెళ్లినప్పుడు మేము రిచర్డ్‌సన్‌లో ఉన్నాం. హెచ్చరిక చూద్దామని టీవీ పెడితే తెర మీద ‘సిగ్నల్ కోసం వెతుకుతోంది’ అని మాత్రమే కనిపించింది. హైదరాబాద్‌లో జడివానకు డిష్ పోయినట్టే. ఉపగ్రహ సిగ్నల్ 12, 20 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో వస్తుంది, దట్టమైన వాన దాన్ని మింగేస్తుంది. టవర్ల ప్రసారాలు ఒక గిగాహెర్ట్జ్ కంటే కిందే ఉంటాయి కనుక వానకు అంతగా లొంగవు. స్థానిక ఛానెల్ అవసరం ప్రాణం మీదికి వచ్చేది ఆ పది నిమిషాలే. డిష్ చేతులెత్తేసేదీ అప్పుడే.

పాతకాపు:
ఈ వాదనకు నా దగ్గర జవాబు లేదు. కరెంటు పోతే రెండూ పోతాయి కదా అనబోయాను, కానీ ఆ రాత్రి మా ఇంట్లో కరెంటు ఉంది.

కొండకింద:
డాలస్‌లో కూర్చుని యాంటెనా గొప్పలు చెప్పడం తేలికే. మాది కొలరాడోలోని డురాంగో, చుట్టూ కొండలు. డిష్ లేకపోతే మాకు దిక్కు లేదు. అది కూడా మా రాష్ట్రపు వార్తలు ఇవ్వలేదు. దేశాన్ని 210 టీవీ మార్కెట్లుగా విభజించిన లెక్కలో మా లా ప్లాటా కౌంటీ న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీ కిందికి వచ్చింది. ఓటు కొలరాడోలో, ఎన్నికల ప్రకటనలు న్యూ మెక్సికోవి! ఒక కౌంటీ ఏ మార్కెట్ ఛానెళ్లు పొందాలో సవరించమని కోరే వీలు ఉపగ్రహ టీవీకి 2014 చట్టంతో వచ్చాక, డెన్వర్ ఛానెళ్ల కోసం మా కౌంటీయే ఎఫ్‌సీసీకి అర్జీ పెట్టుకుంది. కాబట్టి స్థానిక ఛానెళ్లు అందరికీ గాలిలో ఉచితంగా వస్తాయని మాత్రం రాయకండి.

లెక్కలమాస్టారు:
ఒప్పుకుంటున్నాను. నా మాటలన్నిటికీ ముందు ‘టవర్ అందే చోట’ అని చేర్చి చదువుకోండి.

ఫ్రిస్కోవాసి:
అటక ఎక్కి చూశాను. చెక్కల మీద రేకు తళతళా మెరుస్తోంది. కడ్డీల యాంటెనాకు ఆర్డరు పెట్టాను, శనివారం చూరుకు బిగిస్తాను. అది వానలో నిలిచిందని తేలేదాకా డిష్ తీయను. మెకిన్నీ వైపు ఎవరి దగ్గరైనా ఇరవై అడుగుల నిచ్చెన ఉందా?